మూకుట్లో పడిన ఇంటర్నెట్

రేడియోలు బాగుచేసే మరిదికి,
పంపుహౌస్ వదిన ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం. మోటార్లు ఎప్పటిలాగే గురక పెడుతున్నాయి. అసలు సంగతికొస్తాను. వచ్చే ఒకటో తారీఖు, శనివారం నుంచి నీటిమట్టం రీడింగు రోజూ ఉదయం ఎనిమిదింటికల్లా ఇంటర్నెట్లో పంపాలట. ఈ గట్టుకి ఏ సిగ్నలూ చేరదు కాబట్టి పంపుహౌస్ మూసేద్దామని ఇంజనీరు గారు పైకి రాయబోతున్నారు. పందొమ్మిదేళ్ళుగా ఈ మోటార్లని పసిపిల్లల్లా సాకాను. పోయినసారి వచ్చినప్పుడు "మా ఇంటి నెట్‌ని నీళ్ళ మీదుగా మీ దాకా పంపొచ్చు వదినా" అన్నావు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు పంపు.

ఇట్లు,
వదిన

తా.క.: పడవాయన చేతికిచ్చిన ప్రతి ఉత్తరమూ తడుస్తోంది. నెట్ కూడా తడుస్తుందా?

*

నీళ్ళకి అవతలున్న వదిన గారికి,
మరిది నమస్కారాలు.

నెట్ తడవదు. నా మేడ మీద ఒక డిష్ పెట్టి మీ వైపు తిప్పుతాను. ఈ ఉత్తరంతో ఒక చిన్న పెట్టె పంపుతున్నాను. దాన్ని డిష్ మధ్యలో కట్టి, డిష్‌ని మా ఊరి వైపు తిప్పండి. పెట్టెకి కరెంటు ఇస్తే మీ ఫోనులో ఒక పేరు కనిపిస్తుంది, నొక్కండి. మొదట కలిసేదాకా పాస్‌వర్డ్ పెట్టను. ఒక్కటి మాత్రం మరవకండి. మన మధ్య అడ్డేమీ ఉండకూడదు.

ఇట్లు,
మరిది

తా.క.: అడ్డు ఎంత పెద్దదైనా మొహమాటపడకుండా తీసేయండి.

*

మొహమాటం ఎరగని మరిదికి,
వదిన దీవెనలు.

మన మధ్య అడ్డంటే మీ అన్నయ్య ఒక్కరే. ఈ పని తలపెట్టిన దగ్గర్నుంచి మెట్ల కింద కుర్చీ వేసుకుని "అవదు" అంటున్నారు. అందుకే ఇదే పడవలో ఆయన్ని నీ దగ్గరికి పంపేస్తున్నాను. రెండు చొక్కాలు, కళ్ళజోడు సంచిలో ఉన్నాయి.

ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద డిష్ అల్యూమినియం మూకుడే. పెట్టెని దాని మధ్యలో కట్టి, కరెంటిచ్చి, మీ ఒడ్డు వైపు తిప్పి పిట్టగోడ మీద నిలబెట్టాను. సరిపోతుందా?

ఇట్లు,
వదిన

తా.క.: మీ అన్నయ్య టీలో పంచదార తగ్గించు. నెట్ సంగతి తర్వాత.

*

వదిన గారికి,
మంచం పోగొట్టుకున్న మరిది నమస్కారాలు.

అన్నయ్య దిగారు. నా మంచం ఆయనదైపోయింది, టీవీ రిమోటూ ఆయనదే. వదినా, నేనన్న అడ్డు మీ గట్టు మీది చెట్టుకొమ్మ. డిష్ అంటే వంటింట్లోది కాదు. మీకు పంపాల్సిన డిష్ ఇంకా నా దుకాణంలో బల్ల మీదే ఉంది. దయచేసి ఆ మూకుడు దింపేయండి. మరిది పెట్టించాడని ఎవరికైనా తెలిస్తే నా దుకాణానికి రేడియో తెచ్చేవాడుండడు.

ఇట్లు,
మరిది

తా.క.: అన్నయ్య మీకు ఉత్తరం రాస్తున్నారు. పొద్దుట్నుంచి "అవదు" దాకా వచ్చింది.

*

బంగారంలాంటి మరిదికి,
వదిన నిండు దీవెనలు.

మూకుడు దింపుదామనే శనివారం పొద్దున్నే మెట్లెక్కాను. చేతిలో ఫోను టింగుమంది. పేరు కనిపించింది, నొక్కాను. ఏడూ నలభైకి రీడింగు పంపితే ఆఫీసు నుంచి "అందింది" అని జవాబొచ్చింది. ఆదివారం కూడా వచ్చింది, ఇవాళ సోమవారం కూడా. పందొమ్మిదేళ్ళలో ఆఫీసు నాకు జవాబివ్వడం ఇదే మొదలు. గట్టు మీద ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. నీ చేతులకి కంకణాలు తొడగాలి.

ఇట్లు,
వదిన

తా.క.: కొమ్మ కొట్టలేదు, పిట్టగూడు ఉంది. నెట్టే పక్కకి తప్పుకుని వస్తోంది.

*

వదిన గారికి,
వణుకుతున్న మరిది నమస్కారాలు.

కంకణాలు ఆపండి. నా డిష్ ఇంకా మేడ ఎక్కలేదు. ఎక్కబోయినప్పుడల్లా "పడతావురా" అంటూ అన్నయ్య నిచ్చెన లాగేస్తున్నారు. మా నెట్ మా గోడ దాటలేదు. మరి మూడు రోజులుగా మీరు వాడుతున్నది ఎవరిది? వాళ్ళకి తెలిసేలోగా ఆపేయండి.

ఇట్లు,
మరిది

తా.క.: ఫోనులో కనిపించిన పేరు అక్షరం పొల్లుపోకుండా రాయండి.

*

మరిదికి,
వదిన రాస్తున్నది, తీరిగ్గా కూర్చుని చదువు.

పేరు రాయనక్కర్లేదు. ఆ పేరుగలాయనే పడవ దిగారు. ఇంజనీరు గారు. ఆయన ఇల్లు మీ ఒడ్డునే, సరిగ్గా మాకు ఎదురుగా. వచ్చేపోయే చుట్టాల కోసం నెట్‌కి పాస్‌వర్డ్ పెట్టలేదట. మన రీడింగు ఎక్కణ్ణుంచి వస్తోందా అని ఆఫీసులో వెతికితే ఆయన ఇంటి కనెక్షనే తేలిందట. మూకుడుని వేలితో టంగుమని తట్టి చూశారు.

"ఇది నా నెట్టా?" అన్నారు.

"మీదేనట సార్. మా మరిదిది అనుకుని వాడాను. తప్పు నాదే."

"ఈ గట్టుకి ఏ సిగ్నలూ చేరదని రాసిన రిపోర్టు ఇవాళ పైకి పంపాలమ్మా."

"దానికేం సార్, ఇక్కణ్ణుంచే పంపండి" అన్నాను.

ఆయన మీ అన్నయ్య కుర్చీలో కూలబడ్డారు. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత అక్కడే ఫోనులో కొత్త రిపోర్టు రాసి, నా ఎదురుగానే పంపారు. పంపుహౌస్ ఉంటుంది, నేనూ ఉంటాను. సిగ్నల్ లేని మిగతా పదకొండు పంపుహౌసులకీ ఇలాగే నెట్ అందించే పని నీకు అప్పగించారు. వచ్చే సోమవారం ఆఫీసుకి వెళ్ళు. ఇస్త్రీ చొక్కా వేసుకో.

ఇట్లు,
ఉద్యోగం నిలబెట్టుకున్న వదిన

తా.క.: రిపోర్టులో మన మూకుడుని "లోహ పరావర్తక పరికరం" అని రాశారు. అప్పట్నుంచి దాన్ని తోమాలంటే చెయ్యి రావడం లేదు.