గేర్‌బాక్సు తేవద్దు

బావకు నమస్కారాలతో రాస్తున్నాను.

ముందుగా నా రాత చూసి విసుక్కోకండి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పినచోట మీరే సర్దుకుని చదువుకోండి. గీతలు లేని కాగితం కావడంతో వరుసలు కిందికి జారిపోతున్నాయి. ఇక్కడ మేము ముగ్గురం క్షేమంగానే ఉన్నాం. మీరూ అక్కడ వేళకు తింటూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. పాప అంకెలు ఇరవై దాకా చెబుతోంది, పదమూడు మాత్రం మింగేస్తోంది.

ఎప్పుడూ మావయ్య రాసిన ఉత్తరం చివర నేను రెండు ముక్కలు చేర్చేదాన్ని. ఈసారి మావయ్యకు తెలియకుండా రాస్తున్నాను.

"నాన్న అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయేం, చెయ్యి వణుకుతోందా?" అని పోయిన ఉత్తరంలో అడిగారు. చెయ్యి గట్టిగానే ఉంది బావా. కళ్ళు పోతున్నాయి. ఆ మాట ఆయన ఒప్పుకోరు. డాక్టరుకు చూపిద్దామంటే, "ముప్పై ఏళ్ళు కంపెనీ బండి తోలాను, ఒక్క గీత పడనివ్వలేదు. ఆ డాక్టరుకే నేను దారి చూపిస్తాను" అని నవ్వేస్తారు.

నాకు తెలిసింది, కారు గేర్‌బాక్సు ఆయిలు చూడమని మీరు రాసినప్పుడు. మీరు చెప్పినట్టే చేశాం. బండిని కాస్త తిప్పుకొచ్చి, వేడెక్కాక చదునుగా ఉన్నచోట ఆపాం. ఇంజను ఆపకుండానే మావయ్య బ్రేకు తొక్కి, గేరు రాడ్డును అన్ని గేర్లలోకీ ఒక్కోసారి జరిపి మళ్ళీ పార్కింగులో పెట్టారు. నేను కొలత పుల్ల లాగి తెల్లగుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీశాను. కొలత సరిగ్గానే ఉంది. గుడ్డ మీద మరక మాత్రం మాడిన డికాషన్‌లా నల్లగా ఉంది. మావయ్య ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని, "కాస్త మాడు వాసన. రంగు మాత్రం ఫస్టుక్లాసు. ఎంత ఎర్రగా ఉందో చూడు!" అన్నారు. చూశాను. అవునన్నాను.

తర్వాతి సంగతి మావయ్య మీకు రాశారు. కార్ల షెడ్డు మీసాల మేస్త్రి ఎవరూ చెప్పకుండానే ఆయిలు మార్చేశాడనీ, నాలుగో రోజుకి కారు పడకేసిందనీ. దానికి మీరు, "ఆ మేస్త్రి ముఖం చూడొద్దు. వచ్చే నెల వచ్చేటప్పుడు సెకండ్‌హ్యాండు గేర్‌బాక్సు ఒకటి వెంట తెస్తాను. చేతిలో స్టీరింగు లేకపోతే నాన్న చిక్కిపోతాడు" అని జవాబిచ్చారు. చిక్కిపోయిన మాట నిజమే. అయినా మీరు బయల్దేరేలోపు ఈ ఉత్తరం మీకు చేరాలి. మేస్త్రి తప్పేం లేదు. ఆయిలు మార్పించింది నేను.

పాత తోటి డ్రైవరు ఒకాయన చనిపోయాడని మావయ్య ఆ ఇంటివాళ్ళ వ్యానులో వెళ్ళిన రోజున మేస్త్రిని ఇంటికి పిలిచాను. అతను పుల్ల తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేశాడు.

"వద్దమ్మా. ఈ ఆయిలు ఎన్నేళ్ళ నాటిదో. లోపల ప్లేట్లు అరిగిపోయాయి. ఆ అరిగిన పొడే ఆయిల్లో కలిసి అంతో ఇంతో పట్టు ఇస్తోంది. ఇప్పుడు కొత్తది పోస్తే జారిపోతుంది. ముసలాయన చేతికర్ర లాక్కుని కొత్త బూట్లు తొడిగినట్టు ఉంటుంది."

"పోస్తే ఆగిపోతుందా?"

"నాలుగు రోజులు. మహా అయితే వారం. కదపకపోతే ఇంకో రెండేళ్ళు లాగుతుంది."

"మార్చండి అన్నయ్యా. మావయ్య మార్చమన్నారు."

"పెద్దాయనకి ఈ సంగతి తెలుసా?"

"తెలుసు."

పరాయి మగవాడితో నేను అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. అందులోనూ అబద్ధాలు. గేర్‌బాక్సు కింద మూత విప్పగానే నల్లటి మడ్డి కారింది. పోసిన కొత్త ఆయిలు దానిమ్మ రసంలా ఉంది. సాయంత్రం మావయ్యతో, "మేస్త్రి వచ్చి మార్చి వెళ్ళాడు, మీరే చెప్పారనుకున్నాను" అన్నాను.

నాలుగో రోజు ఇంజను అరిచింది గాని కారు కదల్లేదు. మావయ్య మమ్మల్ని వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళి, నలుగురు డ్రైవర్ల ముందు, "మీసాలు పెంచావు గాని బుద్ధి పెంచలేదేరా! నా బండి ముట్టుకోమని నీకెవడు చెప్పాడు?" అని కేకలేశారు. మేస్త్రి నా వంక చూశాడు. నేను పాప జడ సర్దుతూ తల దించుకున్నాను. అతను చేతులు తుడుచుకుని, "పొరపాటైంది పెద్దాయనా" అన్నాడు. ఇప్పుడు ఆ షెడ్డు ముందు ఒక్క బండీ ఆగడం లేదు.

ఎందుకు చేశావని అడుగుతారు. అది రాయలేకే ఇంత కాగితం నింపాను.

ఆయిలు చూసిన వారం తర్వాత ఒక ఉదయం కారులో బడికి వెళ్తున్నాం. మంచు పట్టి ఉంది. పాప నా ఒళ్ళో ఉంది. బడి మలుపు దగ్గర ఊడ్చే ఆవిడ రోడ్డు వార వంగి ఊడుస్తోంది. నాకు కనబడింది బావా. గుడ్డ మీద నలుపు మావయ్యకు ఎరుపుగా కనబడిందని కూడా నాకు తెలుసు. ఆపండి అని అరవడానికి నోరు రాలేదు. ఆయన బండి తోలుతుంటే నేనెప్పుడైనా నోరెత్తానా? ఇప్పుడు పక్కకు తిప్పుతారు, ఇప్పుడు తిప్పుతారు అనుకుంటూనే ఉన్నాను.

చప్పుడైంది.

"ఏంటమ్మా అది?"

"గుంత, మావయ్యా."

"అవ్వ పడిపోయింది" అంది పాప.

"ఏంటంటోంది?"

"బొమ్మ పడిందంటోంది."

వెనక్కి చూస్తే చీపురు రోడ్డు మధ్యలో ఉంది. మనుషులు పరిగెత్తి వస్తున్నారు. మంచులో మన బండిని ఎవరూ పోల్చుకోలేదు.

ఆ తర్వాత కూడా రోజూ ఆ కారులోనే వెళ్ళాం. ప్రతి మలుపులోనూ కళ్ళు మూసుకున్నాను. పదోరోజు ఆ చోట నా వయసు అమ్మాయి ఊడుస్తూ కనబడింది. పాపను బడిలో దించి, వెళ్ళి అడిగాను, రోజూ ఊడ్చే ఆవిడ రాలేదా అని. "మా అమ్మండీ. పోయింది. ఏ బండో గుద్దేసి వెళ్ళిపోయింది. వెంటనే తెచ్చి ఉంటే బతికేదన్నారు ఆసుపత్రిలో" అంది. ఆ వారమే మేస్త్రిని పిలిచాను.

మావయ్యకి ఇదేదీ తెలియదు. రోజూ పొద్దున్నే కారు తుడిచి, లోపల కూర్చుని ఇంజను వేసి వింటారు. "మీ నాన్న గేర్‌బాక్సు తెస్తాడే. మళ్ళీ మహారాణిలా బడికి వెళ్దువుగాని" అని పాపకి చెబుతారు.

తేవద్దు బావా. ఎక్కడా దొరకలేదని చెప్పండి. ఆయిలు మార్చమని మేస్త్రికి కబురు పెట్టింది మీరేనని మావయ్యకి రాయండి. మిమ్మల్ని తిడతారు. నా కోసం పడండి. ఆ మేస్త్రి ఇంకెన్నాళ్ళు పడతాడు?

ఇప్పుడు పాపను నడిపించుకుని తీసుకెళ్తున్నాను. మేము రావడం చూసి ఆ అమ్మాయి, మా మీద దుమ్ము పడుతుందని చీపురు ఆపి పక్కకు జరుగుతుంది. పాపను చూసి నవ్వుతుంది. ఆమెకి చెబితే మావయ్యను పోలీసులు తీసుకుపోతారు. చెప్పకపోతే రోజూ ఆమె నాకు దారి ఇస్తూనే ఉంటుంది. నేనేం చెయ్యాలో ఉత్తరంలో రాయకండి. వచ్చి చెప్పండి.

ఇది చదివిన చోటే కాల్చెయ్యండి. ఇంకోసారి చదువుదామని జేబులో పెట్టుకోవద్దు. అంతా కాలిందాకా అక్కడే నిలబడండి.

ఇట్లు
మీ మేనత్త కూతురు,
మీ ఇల్లాలు