తీగకు అటు చివర

బసప్పా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పత్రికకు ఎమ్మిగనూరు వార్తలు రాసే పని ఉందని సాకు చెప్పి, ఇంతవరకు మీ గడప తొక్కలేదు.

మన మిద్దెల మధ్య కబుర్లకు వైర్‌లెస్ పెడదామంటే లైసెన్సు కావాలన్నారు. డబ్బాలకు దారం కడితే గోడ మలుపులో మాట ఆగిపోయింది. చివరికి రెండు పాత ఇయర్‌ఫోన్లను తీగతో కలిపావు. అందులోనే మాట్లాడటం, అందులోనే వినడం; బ్యాటరీ కూడా అక్కర్లేకపోయింది.

ఈ సాయంత్రం దాన్ని చెవికి పెట్టుకున్నాను. నీ భార్య గొంతు వినిపించింది.

"అన్నా, ఈ పొద్దన్నా పలకవా? దినామూ పిలుస్తాండా."

ఇయర్‌ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"నీ ఊపిరి ఇనబడతాంది లే," అని నవ్వింది. "ఆయనకిష్టమని బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసినా. సల్లారిపోతాది, రా."

ఇయర్‌ఫోన్ మేకుకు తగిలించి, నీకీ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఉగ్గాని ఈపాటికి చల్లారే ఉంటుంది.