లైటు వెలుగుతున్నదా, లేదా?

తార్నాక,
24-6-68, సోమవారం ఉదయం.

అమ్మా ఎస్తేరూ,

ప్రభువు కృప నీకూ, అల్లుడు దానియేలుకూ, మీ అత్తగారు సారమ్మ వదినగారికీ తోడై ఉండాలి. ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. ఈ మాట పోయిన ఉత్తరంలోనూ రాశాను, ఇప్పుడూ రాస్తున్నాను. ఎంతవరకు నిజమో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయని కంగారుపడకు. మెల్లగా, ఆగి ఆగి రాస్తున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. చిన్నప్పుడు అన్నం తినకుండా ప్రశ్నలు వేసేదానివి, ఇప్పుడు కాగితం నిండా వేశావు. వాంతులు తగ్గాయన్నావు, సంతోషం. తొమ్మిదో నెల పడింది కదా, ఇక బిందెలు ఎత్తకు. కాళ్లకు నీరు వచ్చిందని మాత్రం దాచుకోకు తల్లీ, అత్తగారికి చెప్పు. ఆవిడ నోరు కాస్త పెద్దదే గాని మనసు మంచిది.

నన్ను తీసుకెళ్లడానికి నాన్న ఎప్పుడొస్తారు అన్నది నీ మొదటి ప్రశ్న. గురువారం బండికి బయల్దేరాలని ఆయన సెలవు పెట్టారు. మొదటి కాన్పుకు కూతుర్ని తెచ్చుకోవడమంటే ఆయనకు ఎంత ముచ్చటో నీకు తెలియంది కాదు. యూనివర్సిటీలో తన సెక్షన్ అంతా చాటింపు వేశారు. అయితే ఆ ప్రయాణం ఇవాళ కరెంటు వాళ్లు వచ్చి చేసే పని మీద ఆధారపడి ఉంది. పొద్దున్నుంచీ గుమ్మంలో కూర్చుని వాళ్ల కోసమే చూస్తున్నాను. కరెంటుకీ నీ కాన్పుకీ ఏం సంబంధమని నవ్వకు, చెబుతాను.

గది సిద్ధం చేశారా అని అడిగావు. చేశాం. పంపు పక్క గదే నీది. బాలింతకు నీళ్లు పోసే చోటు గోడ వారనే ఉంటుంది, వేడినీళ్లు మోసే పని ఉండదని అది ఎంచుకున్నాం. సున్నం నాన్నే వేశారు. బయటివైపు రెండో పూత వేస్తూ "అబ్బా!" అని కుంచె పారేశారు. ఏమైందండీ అంటే తిమ్మిరి అన్నారు. ఆయనకు చేతుల తిమ్మిర్లు మామూలే గదా, అదే అనుకున్నాం. అది తిమ్మిరి కాదు.

ఈ ఇంట్లో చినుకు పడితే లైట్లు ఆరిపోయేవి, నీకు గుర్తుండే ఉంటుంది. స్తంభం మీద ఫీజు తీగ కాలిపోయేది. నాన్న క్యాంపస్ నుంచి కరెంటు ఆఫీసుకు ఫోను చేస్తే "లైన్‌మన్ బయలెల్లిండు" అనేవాళ్లు. ఎక్కడికి బయల్దేరేవాడో ఆ మహానుభావుడు, కాశీకి నడిచి వెళ్లినా ఈపాటికి తిరిగొచ్చేవాడు! పోయిన నెల గాలివానకు మళ్లీ ఆరిపోతే నాకు ఒళ్లు మండి నేనే వెళ్లాను. లైన్‌మన్ సమ్మయ్య అక్కడే చెట్టు కింద బీడీ తాగుతూ దొరికాడు. వెంటబెట్టుకుని వచ్చాను. "నాయనా, మా అమ్మాయి పురిటికి వస్తోంది. చీకట్లో పురుడు పోయడం నా వల్ల కాదు. మళ్లీ ఆరిపోకుండా ఏదైనా చెయ్యి" అని బతిమాలాను.

అతను స్తంభం ఎక్కి దిగి చేతులు దులుపుకున్నాడు. "లావు తీగ ఏసిన అమ్మా. ఇగ తుఫానొచ్చినా మీ లైటు బంద్ కాదు. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. నా సంతోషం చెప్పలేను. సేమియా పాయసం చేసి గ్లాసు నిండా పోసి ఇచ్చాను. అన్నమాట ప్రకారం, తరవాత వానకు లైటు రెపరెపలాడనైనా లేదు.

లైటు పోలేదు గాని గోడ మొదలుపెట్టింది. ఆ వాన వెలిసిన మర్నాడు పంపు మొదట్లో ఒక కప్ప వెల్లకిలా పడి ఉంది. ఇంకో వానకు బల్లులు. పక్క వాటాలో గేదెల్ని పెట్టుకున్న బుచ్చవ్వ ఒకరోజు వచ్చి, "అమ్మా, మా బర్రె రోజూ గా గోడకే ఒళ్లు గీక్కునేది. గిప్పుడు ఎంత గుంజినా గాడికి పోతలేదు. ఏందో ఉన్నది గీడ" అంది. గేదెకు ఏం తెలుసే అని నేను నవ్వి, తడి గోడ మీద చెయ్యి పెట్టాను. భుజం దాకా జిల్లుమంది.

నాన్న మెయిన్ ఆపి చూశారు. ఆపినా గోడ జిల్లుమంటూనే ఉంది. అంటే లోపం మన ఇంట్లో లేదు. స్తంభం నుంచి వచ్చే తీగ గోడ మీది ఇనప గొట్టంలోంచి దిగుతుంది చూడు, అక్కడే ఎక్కడో చిట్లింది. ఇదివరకు అది తడిసినప్పుడల్లా ఫీజు కాలిపోయి కరెంటు ఆగిపోయేది. ఇప్పుడు లావు తీగ కాలదు, కరెంటు ఆగదు. ఇన్నేళ్లు మనం తిట్టుకున్న ఆ చీకటే మనల్ని కాపాడుతూ వచ్చిందమ్మా.

ఇల్లుగలాయన భీమయ్యను అడిగితే "కరెంటు సర్కారుది. నేను ముడితే కేసైతది. ఆళ్లనే అడుగుండ్రి" అన్నాడు. మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"లైటు వెలుగుతున్నదా, లేదా?"

"వెలుగుతోంది బాబూ, కాని..."

"వెలుగుతుంటే ఇంకేం కంప్లైంటమ్మా?"

"గోడలో కరెంటు వస్తోంది."

అతను పక్క బల్ల మీది వాణ్ణి పిలిచి, "కరెంటు లేదని వచ్చెటోళ్లను చూసిన గని, ఎక్కువైందని వచ్చినోళ్లను ఇయ్యాల్నే చూస్తున్న" అని నవ్వాడు. పోనీ, లైటు ఆరిపోయిందనే రాసుకో, ఎవరినైనా పంపు అన్నాను. "వెలుగుతున్నదని నువ్వే చెప్తివి. అబద్ధం ఎట్ల రాయాలె?" అన్నాడు. వాడి సత్యసంధత తగలెయ్య! క్యాంపస్ లోంచి అడ్డదారిన ఇంటికి నడిచాను. హాస్టలు కుర్రాళ్లు బండల మీద కూర్చుని పాటలు పాడుకుంటున్నారు. మౌలాలి గుట్ట వైపు ఆకాశం నల్లగా దిగింది. వాన నాకంటే ముందు ఇల్లు చేరుతుందేమోనని పరుగులాంటి నడక నడిచాను.

ఇల్లు మారదామంటే క్వార్టర్సు దసరా దాటితే గాని రావట. తార్నాకలో గాని, హబ్సిగూడలో గాని పురిటి మనిషి వస్తుందంటే వాటా ఇచ్చేవాళ్లు లేరు. చివరికి నాన్న ఆ ఆఫీసులో పెద్దాయన్ని కలిశారు. సోమవారం తప్పకుండా మనుషుల్ని పంపి తీగ మార్పిస్తానని ఆయన మాట ఇచ్చాడట. నాన్న కూడా గుమాస్తాయే గదా, ఆఫీసువాళ్ల మాటంటే ఆయనకు బైబిలు వాక్యమంత నమ్మకం. నాకు లేదు. ఉండు, ఎవరో నిచ్చెన మోసుకొస్తున్నారు.

సాయంత్రం.

వచ్చారు, వెళ్లారు. సమ్మయ్య రాలేదు, కొత్తవాళ్లిద్దరు. లోపలికి రాగానే పెద్దవాడు స్విచ్చి వేశాడు. బల్బు భేషుగ్గా వెలిగింది. "వెలుగుతున్నది గదా" అన్నాడు. గోడ చూడు నాయనా అని పెరట్లోకి తీసుకెళ్లాను. మూడు రోజులుగా ఎండ కాసి గోడ ఎండిపోయి ఉంది. అరచెయ్యి మొత్తం గోడకు ఆనించి, "ఏడున్నదమ్మా కరెంటు?" అన్నాడు. తడిస్తేనే వస్తుందని బకెట్టుతో నీళ్లు తెచ్చాను. "దూరం ఉండు! నిచ్చెన మీద మనిషుంటే నీళ్లు పోస్తవా?" అని కసిరాడు. పైనున్నవాడు గొట్టం మీద గుడ్డతో ఒక తుడుపు తుడిచి దిగాడు. "లావు తీగైనా తీసెయ్యండి, లైటు ఆరిపోతే ఆరిపోనీ" అని చేతులు పట్టుకున్నంత పనిచేశాను. "మంచిగ వెలిగే లైటును ఆర్పుమంటవేందమ్మా? పెద్దసారు అడిగితే ఏం చెప్పాలె?" అని నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్లిపోయారు. ఈ ఫిర్యాదు ఇక తీరిపోయిందట.

వాళ్లు బాగుచేసి ఉంటే ఇక్కడి నుంచి రాసేది నీకు తెలియకుండానే పోయేది. ఇప్పుడు దాచను. చెయ్యి నయమైందా అని అడిగావు. పెరట్లో జారిపడ్డానని రాశాను. నేను జారలేదు ఎస్తేరూ. వాన పడుతుంటే తడిచేత్తో ఆ గోడకున్న పంపు తిప్పాను. పట్టుకున్న చెయ్యి మళ్లీ రాలేదు. కళ్ల ముందు బుచ్చవ్వ వడ్లు దంచుతూ కనిపిస్తోంది, పిలవలేకపోతున్నాను. ఇక అయిపోయిందనుకున్నాను, నీ కడుపులో బిడ్డను చూడకుండానే పోతున్నాననుకున్నాను. ఆవిడ ఎందుకు తలెత్తిందో, ఎత్తింది. రోకలి పట్టుకుని వచ్చి నా చేతి మీద బలంగా కొట్టింది. కింద పడ్డాక నన్ను ఒళ్లో వేసుకుని "కొట్టిన గదమ్మా నిన్ను, కొట్టిన గద" అని నాకంటే ఎక్కువ ఏడ్చింది.

రెండు వేళ్లు ఇంకా ముడుచుకోవడం లేదు. కలం బొటనవేలితో నొక్కిపట్టి రాస్తున్నాను, అందుకే ఈ అక్షరాలు. నాన్నకు కూడా జారిపడ్డాననే చెప్పాను. ఆరిపోకుండా చెయ్యమని బతిమాలి, పాయసం పోసి మరీ చేయించుకున్నది నేనే గదా, ఆ మాట ఆయనకు ఎలా చెప్పను? పైగా ఆయన సున్నం వేసుకుంటూ, ఉయ్యాల కొక్కెం బిగించుకుంటూ అంత సంబరంగా తిరుగుతుంటే నోరు రాలేదు. ఇవాళ రాగానే అంతా చెప్పేస్తాను.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకు జవాబు: రావద్దు తల్లీ. తొలి కాన్పుకు పుట్టింటివాళ్లు తీసుకెళ్లలేదని బంధువులు నలుగురూ నాలుగు మాటలంటారు, అననీ. నేను చెప్పినా వినకుండా నాన్న పరువుకు పోయి గురువారం బండెక్కినా, గుమ్మంలో నిలబడి రమ్మన్నా, ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నా నువ్వు కదలొద్దు. పచ్చి ఒంటితో తడి నేల మీద నువ్వు, నీ ఒళ్లో బిడ్డ, పక్కన ఆ గోడ. కళ్లు మూసుకుంటే అదే కనిపించి నాకు నిద్ర పట్టడం లేదు. వదినగారికి ఈ ఉత్తరం చదివి వినిపించు, సిగ్గుపడకు. కాన్పుకు నేనే అక్కడికి వస్తాను. కూతురి అత్తింట్లో తిష్ఠ వేసిందనుకున్నా సరే, వంటింట్లో ఒక మూల చాప వేస్తే చాలు. ఎడమచేత్తోనైనా బిడ్డకు నీళ్లు పోస్తాను.

రేపు పొద్దున్నే బుచ్చవ్వ చేత ఈ ఉత్తరం పోస్టులో వేయిస్తాను. నాన్న కంటే ముందే నీకు చేరాలని ప్రార్థన చేస్తున్నాను.

ఇక ఆపాలి. చినుకులు మొదలయ్యాయి. నాన్న ఇంకా క్యాంపస్ నుంచి రాలేదు. వస్తూనే సైకిలు ఆ గోడకే ఆనిస్తారు, ఎన్నిసార్లు చెప్పినా ఏళ్ల నాటి అలవాటు పోదు. అందుకని వాన పడిన సాయంత్రాలు గొడుగు వేసుకుని సందు మొదట్లో నిలబడుతున్నాను. ఇప్పుడూ వెళ్తున్నాను. వాన పెద్దదవుతోంది. గోడ అప్పుడే సగం నల్లబడింది. ఇక్కడ నెత్తి మీద లైటు మాత్రం కొంచెమైనా రెపరెపలాడకుండా, నిక్షేపంగా వెలుగుతోంది.

ఇట్లు,
నిన్ను రావద్దని రాసిన
మీ అమ్మ,
అమృతమ్మ.