వీధి చెయ్యెత్తిన రోజు

చిరంజీవి అబ్బాయికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేను, మీ అమ్మ, చెల్లాయి ముగ్గురం ఒంట్లో బాగానే ఉన్నాం. యుద్ధం రోజుల్లో ఈ ముక్క అలవాటు కొద్దీ రాసేవాణ్ణి, ఇప్పుడు నిజంగానే రాస్తున్నాను. నువ్వున్న చోట చలి ఎక్కువని రాశావు. స్వెట్టరు పంపుదామంటే సరిహద్దు దాటి పార్సిళ్ళు ఇంకా పోనివ్వడం లేదు. పొద్దున్నే పనికి వెళ్ళేటప్పుడు ఛాతీకి ఏదైనా గట్టిగా చుట్టుకో.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. ఆలస్యాన్ని పోస్టాఫీసు మీదికి నెట్టేయొచ్చు గానీ, పాపం వాళ్ళ తప్పేమీ లేదు. కాగితం ముందు కూర్చోవడం, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోవడం, ఇదీ నా వరస. నువ్వడిగిన వాటిలో తేలికైనవాటికి ముందు జవాబు చెప్పేస్తాను.

అమ్మ మోకాలు ఎలా ఉందన్నావు. మెట్లు దిగడం ఫరవాలేదు, ఎక్కడమే కష్టం. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. మూడో అంతస్తులో కాపురమున్న మనిషితో అనాల్సిన మాటేనా అది? నీ సైకిలు చెల్లాయి తొక్కుతోంది. బ్రేకులు పడవు, కాళ్ళతో ఆపుతుంది, చెప్పులు నెలకో జత అరగదీస్తోంది. నీ గది కిటికీకి విమానాల భయంతో అంటించిన నల్ల కాగితం పీకేశాం గానీ జిగురు మాత్రం అద్దానికి అలాగే పట్టుకుని ఉంది. మీ అమ్మ తీరిక దొరికినప్పుడల్లా పాత కత్తి పట్టుకుని గీకుతూ కూర్చుంటుంది. మొత్తం పోయాక గదికి వెల్ల వేయిస్తానంటోంది.

ఇక, "మీ దేశంలో కొత్త ప్రభుత్వం ఎలా ఉంది" అని అడిగావు. మీ దేశమేమిట్రా? మన దేశం అని రాయి. ఆ ఒక్క మాట దగ్గర మీ అమ్మ చాలాసేపు ఆగిపోయింది.

నువ్వు పటాలం వదిలి సరిహద్దు దాటిపోయాక జరిగిన సంగతులు ముక్కలు ముక్కలుగా విని ఉంటావు. వరసగా చెబుతాను. శాంతి వార్త వచ్చినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ట్రాము వంతెన మధ్యకి రాగానే డ్రైవరు బండి ఆపేసి అదే పనిగా గంట కొట్టడం మొదలుపెట్టాడు. కరెంటు పోయి మతి కూడా పోయిందేమో అనుకున్నాను. కింద పడవలవాళ్ళు కేకలు వేస్తుంటే అప్పుడు తెలిసింది. ఒకావిడ నా కోటు పట్టుకుని ఏడ్చింది, ఆవిడెవరో ఇప్పటికీ తెలియదు. ఇక ఆ రోజు నేను ఎవరికీ టిక్కెట్టు కొట్టలేదు. మర్నాడు మా ఇన్‌స్పెక్టరు, "శాంతి వస్తే వచ్చింది, టిక్కెట్ల డబ్బులేవీ?" అన్నాడు.

బండిలో ఉన్నవాళ్ళందరూ తమ పిల్లలు ఎప్పుడొస్తారా అని చెప్పుకుంటున్నారు. నేను మాత్రం నా కొడుకు సంగతి ఎవరూ అడక్కుండా ఉంటే చాలనుకున్నాను.

తర్వాత వీధి దీపాలు వెలిగాయి. యుద్ధంలో పుట్టిన పిల్లలు ఆ వెలుతురు చూసి జడుసుకుని తల్లుల కొంగుల్లో దూరారు. వేసవిలో ఎన్నికలు. మా ట్రాముకి మూడు పార్టీల పోస్టర్లూ అంటించారు, కిటికీలోంచి ఊరు కనబడేది కాదు. పోటీ చేసే పెద్దమనుషులు సామాన్యుల్లా బండెక్కి, ఫొటో తీసేవాడి ఎదుట నా దగ్గర టిక్కెట్టు కొని, పక్క స్టాపులో దిగి కారెక్కి పోయేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన ఇప్పుడు మంత్రి. చిల్లర తీసుకోకుండా దిగిపోయాడు, ఖజానా ఎలా చూస్తాడో ఏమో.

యుద్ధంలో మగవాళ్ళు లేరని చెల్లాయిలాంటి ఆడపిల్లల్ని కండక్టర్లుగా పెట్టుకున్నారు కదా. సైనికులు తిరిగి రాగానే, "మీ సేవకు కృతజ్ఞతలు, ఇక ఇళ్ళకు వెళ్ళండి" అన్నారు. చెల్లాయీ ఆ పిల్లలందరూ డిపో గేటుకి అడ్డంగా కూర్చున్నారు. నేను పక్క గేటులోంచి లోపలికి వెళ్ళి డ్యూటీ చేసుకున్నాను. ఆ సాయంత్రం అది, "నాన్నా, నువ్వు ఎవరి వైపో ఒకసారి తేల్చుకో" అంది. చిన్నపిల్ల మాట అని నవ్వేశాను. ఇప్పుడది టైపు నేర్చుకుంటోంది.

ఇక ఆ చట్టం సంగతి. యుద్ధం మధ్యలో వదిలి వెళ్ళిపోయినవాళ్ళని రానివ్వాలా వద్దా అని సభలో రోజుల తరబడి వాదించుకున్నారు. కూడలిలో లౌడ్‌స్పీకరు పెడితే సెలూన్ ముందు బెంచీ మీద కూర్చుని అందరం వినేవాళ్ళం. ఒకాయన "వాళ్ళ నీడ కూడా ఈ నేల మీద పడకూడదు" అంటే, ఇంకొకాయన "కూలిన ఇళ్ళు ఎవరు కడతారు, నువ్వు కడతావా" అన్నాడు. చివరికి ఎటూ పాలుపోక, ఎవరి వీధి వాళ్ళే తేల్చుకోండని ఆ బరువు మన నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నారు. వీధిలో పెద్దవాళ్ళందరూ ఒకచోట చేరాలి, చేతులెత్తి చెప్పాలి, ఇంటివాళ్ళు కూడా ఎత్తొచ్చు.

మన వీధి ఒప్పుకుందని చెల్లాయి నీకు రాసేసింది. నువ్వు తిరిగి రాశావు, "మీటింగు ఎలా జరిగింది నాన్నా? మీరేం మాట్లాడారు? చెల్లి ఎందుకో ఆ సంగతి ఎత్తలేదు" అని. నన్ను కాగితం ముందు నుంచి లేపేస్తున్న ప్రశ్న అదే.

మీటింగు బడిలో పెట్టారు. చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాం. మునిసిపాలిటీ గుమాస్తా వచ్చి, చేతులు లెక్కపెట్టడానికి ఎవరైనా కావాలన్నాడు. "మా కండక్టరు గారున్నారుగా, తలలు లెక్కపెట్టడం ఆయన పనే" అని సెలూన్ ఆయన నన్ను ముందుకి తోశాడు. నా కొడుకు సంగతే తేలుస్తున్నారు, నేను లెక్కపెట్టడం ఏం బాగుంటుందని అనబోయాను. వాళ్ళు వినలేదు. నామీద నమ్మకమట.

గుమాస్తా నీ పేరు చదివాడు. కొయ్యకాలుతో తిరిగొచ్చిన వడ్రంగి కిటికీ వైపు చూస్తున్నాడు. అప్పుడు రొట్టెల కొట్టు పెద్దమ్మ లేచింది. నీకు తెలుసుగా, వాళ్ళ అబ్బాయి నీ పటాలంలోనే ఉండి, నువ్వు వచ్చేసిన చోటే చనిపోయాడు. ఆవిడ కాదంటే ఇంకెవరూ చెయ్యెత్తరనుకున్నాను.

"నా కొడుక్కి పారిపోదామనే తెలివి లేకపోయింది," అంది. "ఆ తెలివి ఉన్నవాణ్ణయినా రానివ్వండి. ఇద్దరూ పోయి ఎవరికి లాభం?"

అని చెయ్యెత్తింది. వయసు మీద పడిన చెయ్యి కదా, రెండో చేత్తో మోచేతిని పట్టుకుని నిలబెట్టింది. తర్వాత వడ్రంగి ఎత్తాడు. "వాడొస్తే నా దగ్గరికి పంపండి, మిద్దె దూలాలు ఎక్కించడానికి కాళ్ళున్నవాడు కావాలి" అన్నాడు. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు, అందరూ. మీ అమ్మ, చెల్లాయి పక్కపక్కనే, రెండు చేతులూ అంటుకుపోయినట్టు.

నేను బెంచీల మధ్య నడుస్తూ లెక్కపెట్టి గుమాస్తాకి చెప్పాను. అతను హాజరు చూసుకుని, "ఒకటి తగ్గుతోందండీ. కాదన్నదెవరు?" అన్నాడు. అందరూ అటూ ఇటూ చూశారు. నేను నవ్వి, "నేనేనండి. కండక్టరు తనను తాను ఎప్పుడూ లెక్కలో వేసుకోడు, ముప్పయ్యేళ్ళ అలవాటు" అన్నాను. గది గొల్లుమంది. గుమాస్తా కూడా నవ్వి నా చెయ్యిని కలిపేసుకున్నాడు. ఆ మాట వీధంతా పాకింది. ఇప్పటికీ ట్రామెక్కినవాళ్ళు, "ఇవాళ మిమ్మల్ని లెక్కేసుకున్నారా" అని ఆట పట్టిస్తున్నారు.

మీ అమ్మ ఒక్కతే నవ్వలేదు. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే, "లెక్కలో వేసుకోలేదు, సరే. చెయ్యెత్తడానికి ఏం అడ్డమొచ్చింది?" అని అడిగింది. నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు నుంచి చెల్లాయిని మధ్యలో పెట్టి మాట్లాడుతోంది. "మీ నాన్నని భోజనానికి రమ్మను" అంటుంది, నేను ఎదురుగానే ఉంటాను.

అడ్డమేమీ రాలేదురా. అలవాటూ కాదు. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. ఎత్తలేదు, అంతే.

ఎందుకో కూడా నువ్వు తెలుసుకోవాలి. నువ్వు యుద్ధంలో ఉన్నన్నాళ్ళు నేను ట్రాములో రాజులా తిరిగాను. "మీ అబ్బాయి క్షేమమా కండక్టరు గారూ" అని అడగని మనిషి లేడు. ముసలివాళ్ళు లేచి సీటు ఇవ్వబోయేవాళ్ళు. నువ్వు అక్కడ ఎలా ఉన్నావో తెలియకుండా, నీ పేరు చెప్పుకుని ఇక్కడ నేను ఆ మర్యాదంతా అనుభవించాను. నువ్వు వెళ్ళిపోయిన సంగతి బయటపడ్డాక అదే జనం డబ్బులు నా అరచేతిలో పెట్టకుండా సీటు మీద పడేసేవాళ్ళు. ఏరుకునేవాణ్ణి. ఒకాయన కావాలని కింద పడేసి కాలితో తోశాడు. వంగి తీసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నీ మీద కోపం లేదని రాయాలని చాలాసార్లు మొదలుపెట్టాను. ఉంది. చావకుండా బయటపడ్డాడని దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సిన తండ్రిని, నలుగురిలో నా తల వంగిందే అని లోలోపల ఉడికిపోయాను. ఆ రోజు పెద్దమ్మ చెయ్యెత్తినప్పుడు కూడా అదే కోపం. కొడుకుని పోగొట్టుకున్న మనిషి ఎత్తగలిగింది, బతికున్న కొడుకుని పెట్టుకుని నేను ఎత్తలేకపోయాను. ఆవిడకి ఎదురుపడలేక ఇప్పుడు రొట్టె కోసం చెల్లాయిని పంపుతున్నాను.

నువ్వు ఎందుకు వచ్చేశావో నేను ఒక్క ఉత్తరంలోనూ అడగలేదు. ఆ చలికాలం అక్కడ ఏం చూశావో, ఎన్ని రోజులు నడిచావో, ఏం తిన్నావో అడగలేదు. నువ్వు కూడా చెప్పలేదు, చెబితే వినేవాళ్ళు ఉండాలిగా. అడగాల్సిన రోజుల్లో నేను వీధి ఏమనుకుంటుందో అని చూస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే వీధి నాకంటే నయం.

నిన్న ఈ సంగతంతా మీ అమ్మకి చెప్పేశాను. చాలాసేపు వింది. తర్వాత, చెల్లాయి ఇంట్లో లేదు కాబట్టి నాతోనే అంది, "నాకు చెప్పి ఏం లాభం? వాడికి రాయండి. ఏ ఇంటికి వస్తున్నాడో తెలిసి రావాలి." అందుకే ఇవాళ లేవకుండా రాస్తున్నాను.

ఇంకొక్కటి ఉంది. వీధి ఒప్పుకున్నంత మాత్రాన గేటు తీయరట. ఇంటివాళ్ళు ఎవరైనా స్వయంగా సరిహద్దు చౌకీ దాకా వచ్చి, అధికారి ఎదుట "వీడు మావాడు" అని నోటితో చెప్పి వెంట తీసుకెళ్ళాలి. మీ అమ్మ మోకాలికి గుడ్డ చుట్టుకుని, సంచీ సర్దుకుని సిద్ధంగా ఉంది. నన్ను రమ్మని అనలేదు, నేనూ వస్తానని అనలేదు. వచ్చే హక్కు ఆవిడ ఇచ్చేది కాదు.

నేను రావచ్చా? వద్దంటే నొచ్చుకోను. అమ్మ ఒక్కతే వస్తుంది, నువ్వు ఇంట్లో కుదురుకునేదాకా నేను డిపోలోనే పడుకుంటాను, అక్కడ మంచాలున్నాయి. రమ్మంటే మాత్రం వచ్చి, ఆ చౌకీలో వరసలో నిలబడ్డ ప్రతివాడికీ వినబడేలా ఆ మాట చెబుతాను. నాకు చాలా ఆలస్యంగా నోరు పెగిలిందని నువ్వు అనుకుంటే, అది నిజమే నాన్నా.

ఇట్లు,
నీ మాట కోసం కాచుకున్న
మీ నాన్న