పదకొండు గంటలకు అమ్మిన నీలి సెడాన్

తియేర్ పట్టణవాసిని, కత్తుల కార్మికుల సంఘం పత్రిక సంపాదకురాలిని, యాభై ఆరేళ్ల ఒడీల్ షాబ్రియే అను నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నోటరీ గారి ఎదుట చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. కోపం తెలివిని చెడగొట్టదు. చెడగొడుతుందనేవాళ్లు నా సంపాదకీయాలు చదవలేదన్నమాట.

నాకు పిల్లలు లేరు. తోబుట్టువుకు వాటా ఇచ్చి తీరాలని మన ఫ్రాన్సు చట్టం అనదు. ఆ చట్టాన్ని నేను మెచ్చుకున్న చోటు ఇదొక్కటే.

1. ఇల్లు, పుస్తకాలు సంఘానికి. సిగరెట్లు మాత్రం బయటే తాగాలి.

2. నాన్న నీలి సెడాన్, దాని రెండు తెల్ల చారలతో సహా, నా తమ్ముడు జిల్ కూతురు మయేల్‌కు చెందాలి. కారణం చెబుతాను. నాన్న వారమంతా ఆ కారులోనే డ్యూటీకి వెళ్లి, ఆదివారం దానితోనే కొండ పందెంలో దిగేవాడు. వెనక సీట్లో నేనూ, జిల్, మధ్యలో సాసేజిల బుట్ట. పందెం గీత దగ్గర మమ్మల్ని దించేవాడు. జిల్‌కు పద్దెనిమిది నిండగానే, పెద్దదాన్ని నేనుండగా, కారు వాడి పేరుకు మార్చాడు. "బండి మగాడి పేర ఉంటేనే అందం, తల్లీ" అన్నాడు. ఆ మాట మీద ఆయనతో ఎన్నేళ్లు పోట్లాడానో!

జిల్ దాన్ని అమ్మేసి కొత్త కూపే కారు కొన్నాడు. "అక్కా, అది తుప్పు డబ్బా. ఇదెక్కి చూడు, నీ విప్లవం కంటే ముందే చేరుస్తుంది" అన్నాడు. ఎక్కాను. నిజం దాచను: కూపే మలుపుల్లో రోడ్డును వదలదు, బ్రేకు వేస్తే ఆగుతుంది. సెడాన్‌కు మనసైతేనే ఆ రెండూ జరిగేవి. కానీ కూపేలో సీట్లు రెండే. ఒకటి జిల్‌ది, ఇంకోటి వాడి భార్యది. మయేల్ బస్సులో వచ్చేది. ఇద్దరికే చోటున్న వేగాన్ని ప్రగతి అనమంటే నేను అనను. ఈ వాక్యం అనవసరం అంటున్నారు నోటరీ గారు. ఉండనివ్వండి.

అమ్మడాన్ని క్షమించేదాన్నే. అమ్మిన గంటను క్షమించలేను. కొన్నవాళ్లకు నా వాటాకొచ్చిన ద్రాక్షతోట ఇచ్చి సెడాన్‌ను వెనక్కి తెచ్చుకున్నప్పుడు, పాత రిజిస్ట్రేషన్ కార్డు కూడా నా చేతికొచ్చింది. బండి అమ్మేవాళ్లు దాని మీద అడ్డగీత కొట్టి, తేదీ, గంట వేసి సంతకం పెట్టాలి కదా. జిల్ నీటుగా రాశాడు: అక్టోబరు 12, పదకొండు గంటలు. సరిగ్గా ఆ పదకొండింటికి ఆసుపత్రి మంచం మీద నాన్న, "బండికి ఆయిల్ మార్చారా?" అని అడిగాడు. "జిల్ మారుస్తున్నాడు నాన్నా" అన్నాను. పొద్దున నాతో వాడు చెప్పి వెళ్లింది అదే. నాన్న అడిగిన ఆఖరి మాటకు వాడు నా చేత అబద్ధం చెప్పించాడు.

షరతు: మయేల్ ఏడాదికోసారి వాళ్ల నాన్నను ఆ సెడాన్‌లో కొండెక్కించాలి. వెనక సీట్లో.

3. నాన్న మడతకత్తి జిల్‌కు. కత్తి ఊరికే ఇస్తే బంధం తెగుతుందని తియేర్‌లో పసివాళ్లకూ తెలుసు. అందుకే పుచ్చుకునేవాళ్లు ఒక నాణెం చేతిలో పెడతారు. జిల్ దగ్గర నాణెం తీసుకోకూడదు.

4. ఇవన్నీ అమలు చేయాల్సింది సెడాన్ మెకానిక్, నా నేస్తం యమీనా బెల్కాసెం. యమీనా, మూడో అంశానికి ఒక్క మినహాయింపు. ఆ పదకొండింటికి తానెక్కడున్నాడో జిల్ తన నోటితో మయేల్‌కు చెబితే, నాణెం తీసుకో. సెడాన్ యాష్‌ట్రేలో వెయ్యి. నాన్న చిల్లర దాచుకునేది అక్కడే.

తియేర్, 2023 నవంబరు 6.

(సం.) ఒడీల్ షాబ్రియే

సాక్షులు: అర్మాన్ ఫూర్నియాల్, కత్తులకు సాన పట్టేవాడు, లూసెట్ వెర్దియే, రొట్టెల దుకాణం