అమ్మ సమాధి మీద నాన్న పేరు

అక్కా,

అమ్మను సమాధి చేసిన రోజు నాన్న ద్రాక్షతోట కావలి వదిలి ఎందుకు రాలేదు? కోత అయ్యేదాకా కావలివాడు కొండ దిగకూడదన్న కట్టుబాటు నాకూ తెలుసు. అయినా ఇన్నేళ్లుగా మనసును తొలుస్తున్న ఆ మాట నిన్న మఠం నేలమాళిగలో ఫాదర్ గౌడెంజును అడిగేశాను. నేను క్షేమమే. అక్కడ పులుస్తున్న కొత్త ద్రాక్షరసం వాసనకి నాకు మళ్లీ ఏడేళ్లొచ్చినట్టయింది.

"మీ నాన్న టోపీకి వేలాడే నక్కతోకలు చూసి పిట్టలేం ఖర్మ, నేనే జడుసుకునేవాణ్ణి!" అని ముసలాయన నవ్వాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"కబురు మోసుకెళ్లింది నేనేనమ్మా. 'దిగి రారా ఆల్బుయిన్, పెద్ద ఫాదరు సెలవిచ్చారు' అన్నా. 'పండిన తోట వదిలొస్తే ఎవడు కాస్తాడు, నువ్వా?' అని కసిరాడు. కానీ కింద మీ అమ్మ కోసం గుడిగంట మోగినంతసేపూ టోపీ తీసి నిలబడ్డాడు. పిట్టలు గుంపుగా వాలి తింటున్నా తోలలేదు."

నీ దగ్గర వదిలొచ్చిన మా పిల్లకు దగ్గు తగ్గిందా? పాలల్లో తేనె కలిపి పట్టు. ఇక్కడ చలి ముదిరింది, నా ఉన్ని చేతితొడుగులు పంపు. పొగగొట్టం దులిపించావా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

వేసవిలో నాన్ననూ అమ్మ పక్కనే సమాధి చేశాం కదా, ఆవిడ పేరు కిందే ఆయన పేరూ చెక్కాలా వద్దా అని రాతిపనాయన ఆదివారానికల్లా చెప్పమన్నాడు. పొద్దున చెక్కించాలనిపిస్తుంది, సాయంత్రానికి మనసొప్పదు. నాకింకా తేలలేదక్కా.

నీ చెల్లెలు
ఫిలోమెన