తిరిగొచ్చే తారీకు

మస్కట్,
18 నవంబరు 2024.

బావ నూకయ్యకు,

నీ బావమరిది అప్పలసూరి దండాలు. ఇక్కడ నేనూ, చెల్లెలు కూర్మమ్మా ఒకే కప్పు కింద ఉన్నాం. అక్కడ నువ్వూ, అమ్మాయి అనితా, ఆ మొండి మేకా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్లో నీకు వినపడదు. వినపడేలా నేను అరిస్తే ఈ ఆసుపత్రివాళ్ళు నన్నూ ఓ మంచమెక్కిస్తారు. అందుకే ఈ ఉత్తరం. రేపు సెలవు మీద ఊరొస్తున్న రాబర్టు అనే కుర్రాడి చేతికిస్తున్నాను. అనిత చదివి వినిపిస్తుంది. గోడల మీది ఎన్నికల రాతలు చూసి నేను నేర్చుకున్న అక్షరాలు కదా, ఒక్కొక్కటీ ఓటు అడుగుతున్నట్టుంటుంది. సర్దుకోమను.

ముందు కూర్మమ్మ సంగతి. వంటకి పెట్టుకున్న ఇంటివాళ్ళే ఆసుపత్రిలో చేర్చారు. కడుపునొప్పి తగ్గుతోంది. నన్ను చూడగానే, "అన్నియ్యా, ఎండు నెత్తళ్ళు తెచ్చినావా?" అంది. తెచ్చాను. ఆ ఎండుచేపల కథ కూడా చెప్తాను.

బావా, తుఫానులో తెప్ప తిరగబడ్డప్పుడు కూడా నేనింత భయపడలేదు. ఇక్కడ విమానం దిగగానే అద్దం వెనక కూర్చున్న ఆఫీసరు పాస్‌పోర్టు చూశాడు, టిక్కెట్టు చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. రావడానికి టిక్కెట్టుంది, పోవడానికి లేదు. శ్రీకాకుళంలో టిక్కెట్టు తీసిన శివాజీ, రెండు వైపులా తీసుకో అని మొత్తుకున్నాడు. నేనే వినలేదు. ఎప్పుడు తిరిగెళ్తావని ఆఫీసరు హిందీలో అడిగాడు. గుజరాత్‌లో వెరావల్ బోట్లలో నేర్చిన హిందీ నాకుంది. తారీకు చెప్పడమే నా వల్ల కాలేదు.

తెప్ప నీళ్ళలోకి నెట్టాక ఎప్పుడొస్తావని మనవాళ్ళెవరైనా అడుగుతారా? అడిగినా ఎవరైనా చెప్తారా, అపశకునం కదా? నువ్వు కొత్తల్లుడిగా వచ్చిన రోజుల్లో, నాగావళిలో వేట తప్ప సముద్రం ఎరగనివాడివి, మా నాన్నని అడిగేశావు. ఆయన తెప్ప దిగి, ఆ పూట వేట మానేసి, అత్తారింటి కొత్త పంచెతోనే నిన్ను ఇసకలో కూర్చోబెట్టి చీకటి పడేదాకా వల బాగుచేయించాడు. మర్చిపోయుండవు.

నేను నోరు విప్పకపోయేసరికి ఆఫీసరుకి అనుమానం ముదిరింది. కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు. నా పక్కనున్నవాణ్ణి పిలిచి, వచ్చిన విమానంలోనే తిప్పి పంపేశారు. వెళ్తూ వాడు ఏడవలేదు, నవ్వాడు. ఆ నవ్వు చూశాక తరవాతి వంతు నాదే అనిపించింది. ఇంత దగ్గరికొచ్చి చెల్లెల్ని చూడకుండానే పోతానా అనుకున్నాను.

అంతలో గది తుడవడానికొచ్చిన పిల్ల నా సంచి దగ్గర ఆగింది. "నెత్తళ్ళు కదా తాతా? మాది బారువ," అంది. మన తీరం పిల్లే. పేరు గ్లోరీ, మిషను చర్చివాళ్ళ పిల్ల. రాబర్టు ఈమె తమ్ముడే. నా గొడవంతా చెప్పుకున్నాను. చీపురు గోడకి ఆనించి, మెల్లగా అంది:

"ఇది సముద్రం కాదు తాతా. తారీకు సెప్పకపోతే ఈళ్ళు నిన్ను ఎనక్కి తోలేస్తారు. నన్ను మా ప్రభువు సూసుకుంటన్నాడు, నిన్ను మీ గంగమ్మ సూసుకుంటాది. సెప్పీ."

ఆఫీసరుకి చెప్పాను. ఆ తారీకు నోట్లోంచి వస్తుంటే లంగరు తాడు నా చేత్తో నేనే కోసుకున్నట్టయింది. తిరుగు టిక్కెట్టు చూపించమన్నారు. గ్లోరీ తన ఫోన్లోంచి శివాజీతో మాట్లాడించింది. అతను అక్కణ్ణుంచే తీసి పంపాడు. అప్పుడు ముద్ర పడింది.

ఇక భయం లేదు బావా. వేళకి తిను. మేకని కట్టెయ్యి.

ఇట్లు,
నీ అప్పలసూరి

మరొక ముక్క: అనితా, ఇక్కడ ఆగు తల్లీ. నాన్నకి పైవరకే చదువు. ఇది నీకు.

నొప్పి తగ్గలేదు. ఎల్లుండి పొద్దున్న ఆపరేషను. ఈ కాగితం నీ చేతికందే వేళకి అమ్మ లోపల ఉంటుంది. నెత్తళ్ళు తినలేదు, తలగడ పక్కన పెట్టించుకుని వాసన చూసుకుంటోంది. నేను ఊళ్ళో ఉండగా ఫోను చేసిన ఇక్కడి డాక్టరు, వెంటనే రమ్మన్నాడు. అమ్మని ఇంటికి తీసుకెళ్ళడం గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. తారీకు చెప్పకూడదన్న ఆచారం సగమే నిజం అమ్మా. తిరుగు టిక్కెట్లు ఎన్ని కొనాలో తెలియకే నేను ఒకవైపుది కొన్నాను.

శివాజీ ఫోన్లో అదే అడిగాడు, ఒకటా రెండా అని. ఆఫీసరు కూడా నన్నంత భయపెట్టలేదు.

రెండు అన్నాను. అమ్మకి కిటికీ పక్కన తీయమన్నాను.

తారీకు శివాజీకి తెలుసు. నువ్వు అడక్కు.